కంచం చేతిలో ఉంది

సోషల్ మాస్టారు గుండెపోటుతో పోయారని మా పాత స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కింద వరసగా దణ్ణం పెట్టే బొమ్మలు. వాటి మధ్యలో ఒకరు ఉండబట్టలేక అడిగారు: "గుండెపోటా? కన్ఫర్మేనా?" అడిగిన మనిషిని నేను తప్పుపట్టను. ఆయన్ని ఎరిగిన వాళ్ళెవరికైనా ముందు వచ్చే సందేహం అదే. సర్వీసు మొత్తంలో ఆయన పెట్టిన సెలవు చీటీలన్నిటిలోనూ కారణం ఒక్కటే, కడుపు. అరవై ఏళ్ళకు పైగా కడుపుని కనిపెట్టుకుని కూర్చున్న మనిషిని, ఏనాడూ పట్టించుకోని గుండె వచ్చి పట్టుకుపోయింది.

దర్శికీ పొదిలికీ మధ్య ఉన్న ఒక ఊరి హైస్కూల్లో మేమిద్దరం ఆరేళ్ళు కలిసి పనిచేశాం. ఆయన పొదిలి నుంచి వచ్చేవారు, నేను దర్శి నుంచి. ఆయన సోషల్, నేను బయాలజీ. జీర్ణవ్యవస్థ పాఠం నేను ఏటా బోర్డు మీద రంగు సుద్దలతో గీసి చెప్పేదాన్ని. చిన్న పేగు పసుపు, పెద్ద పేగు గులాబీ. ఆ బొమ్మ ఆయన కిటికీలోంచి ఒకసారి చూసి, "బాగా గీశారమ్మా. నాది మాత్రం అట్టా ఉండదు" అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్న భోజనం బాధ్యత ఎవరూ తీసుకోరు. గుడ్ల లెక్క చూడాలి, బియ్యంలో పురుగు చూడాలి, వంటవాళ్ళతో మాట పడాలి. ఆయన అడిగి మరీ తీసుకున్నారు. వంట సంగతి పెద్దగా చూసేవారు కాదు. పిల్లలు వరసలో నిలబడ్డ దగ్గర్నించి చేతులు కడుక్కునే దాకా పక్కన చేతులు కట్టుకుని నిలబడేవారు, అంతే. ఆయన కాపలా అన్నానికి కాదని నాకు తెలియడానికి ఒక టర్మ్ పట్టింది.

మా హెడ్మాస్టరుగారికి భోజనాల వరస అంటే మహా ఇష్టం. పిల్లలందరూ ఒకచోట, కదలకుండా దొరికేది అప్పుడే. స్లిప్ టెస్టులో సున్నా వచ్చినవాళ్ళు, ఆధార్ కాగితం తేనివాళ్ళు, జుట్టు కత్తిరించుకోనివాళ్ళు, అందరి విచారణా అక్కడే. ఒకరోజు ఏడో తరగతి పిల్లని ఆపి గట్టిగా మొదలుపెట్టారు. మాస్టారు నెమ్మదిగా వెళ్ళి పక్కన నిలబడ్డారు.

"సార్, కంచం చేతిలో ఉంది."

"ఉంటే?"

"ఖాళీ అయ్యాక అడగండి సార్. అప్పుడు నేనే పట్టుకొచ్చి మీ ముందు నిలబెడతా."

"మీరు పిల్లల్ని చెడగొడుతున్నారు మాస్టారూ."

"చెడగొడితే చెడగొట్టాన్లెండి. కంచం చేతిలో ఉంది."

గొంతు పెంచలేదు, ముఖం మార్చలేదు. ట్రైను లేటుగా నడుస్తోందని చెప్పినట్టు చెప్పారు. హెడ్మాస్టరుగారు ఆయన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత అదే మాట కనీసం వందసార్లు విన్నాను. పిల్లలు కూడా నేర్చుకున్నారు. లెక్కల మేడమ్ అన్నం దగ్గర హోంవర్క్ అడిగితే ఐదారు గొంతులు ఒక్కసారి లేచేవి: "మేడమ్, కంచం చేతిలో ఉంది!"

స్టాఫ్ రూములో ఆయనది తలుపు పక్క కుర్చీ. మేం పీఆర్సీ గురించో బదిలీల గురించో వాదించుకోవడం మొదలుపెట్టామంటే ఆయన క్యారియరు మూత పెట్టేసి వరండాలోకి పోయేవారు. భోజనం తర్వాతి పీరియడులో యుద్ధాలు చెప్పేవారు కాదు. నదులు, నేలలు, పంటలు చెప్పేవారు. పానిపట్టు ఎప్పుడూ పొద్దున మొదటి పీరియడే.

ఆయన కారం తినరని స్కూల్లో అందరి నమ్మకం. మిరప పండే నేలలో కడుపు బాగాలేని మనిషి గురించి ఇంకేం అనుకుంటారు? నేనూ అదే అనుకుని ఒకసారి ఆయన కోసం విడిగా చప్పటి పప్పు తెచ్చాను. ఆయన దాన్ని మర్యాదగా పక్కకి జరిపి, నా డబ్బాలోంచి పండుమిరపకాయ పచ్చడి తీసుకుని వేడన్నంలో కలుపుకున్నారు.

"మాస్టారూ, కడుపు!"

"కారం నన్నేం చెయ్యదమ్మా. నాకు గొంతు పడదు."

"ఎవరి గొంతు?"

"ఎవరిదైనా. అన్నం దగ్గర లేస్తే చాలు, కడుపు మెలిపెట్టిద్ది. నాకన్నా ముందు నా కడుపు భయపడిద్ది."

ఆయన దగ్గర ఒక ఫైలుండేది, ఖాకీ రంగుది, తాడు కట్టినది. స్కానింగులు, రక్త పరీక్షలు, గొట్టం వేసి చూసిన ఫొటోలు. అన్నిటి కిందా నార్మల్ అని రాసి ఉండేది. "ఇంత నార్మల్ మనిషి జిల్లాలో లేడమ్మా" అనేవారు. చివరికి గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరు ఆ ఫైలు విప్పకుండానే పక్కన పెట్టి, "చిన్నప్పుడు ఇంట్లో ఎట్టా ఉండేదండీ?" అని అడిగాడట. మాస్టారికి ఒళ్ళు మండింది. "ఫీజు కట్టి కడుపు చూడమంటే మా నాన్న గురించి అడుగుతాడేంది?" అని లేచొచ్చేశారు. నెల తర్వాత మళ్ళీ వెళ్ళారు.

ఆ డాక్టరు చెప్పినదాన్ని ఆయన నాకు సోషల్ పాఠంలా చెప్పారు. పేగుల నిండా నరాలుంటాయి, అవీ మెదడూ రోజంతా కబుర్లాడుకుంటూనే ఉంటాయి. చిన్నతనంలో రోజూ బెదిరే పిల్లలకి కొందరిలో ఆ నరాలు బెదురు నేర్చుకుంటాయి. పెద్దయ్యాక బెదిరించేవాళ్ళు పోయినా అవి మానవు. మామూలు మనిషికి తెలియని చిన్న కదలిక కూడా వీళ్ళకి నొప్పిగా తెలుస్తుంది. పేగుకి జబ్బేమీ ఉండదు, నొప్పి మాత్రం నటన కాదు. నేను బయాలజీ టీచర్ని. నాకు తెలిసినట్టే తలూపాను. ఆ రోజు ఇంటికెళ్ళి ఆ సంగతి మర్చిపోయాను కూడా.

మర్చిపోకుండా ఉంటే ఆ తర్వాతి ఏడు మా ఇంట్లో జరిగింది జరిగేది కాదు.

మా పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు. కడుపునొప్పి మొదలైంది. రాత్రి భోజనానికి కూర్చుంటుంది, నాలుగు ముద్దలు తింటుంది, పొట్ట పట్టుకుని లేస్తుంది. నులిపురుగుల మాత్ర వేశాం. బయట తిండి మాన్పించాం. దర్శిలో డాక్టరుకి చూపిస్తే ఏమీ లేదన్నాడు. ఒకటిన్నర నెలలో పిల్ల చిక్కి సగమైంది.

మా వైపు కడుపునొప్పి అన్నాళ్ళు సాగితే దానికో పేరుంది. మందు పెట్టారంటారు. గిట్టనివాళ్ళు అన్నంలో ఏదో కలిపి పెట్టారని, అది పేగుకి అంటుకుని కూర్చుందని. దాన్ని తీసేవాళ్ళు ఉంటారు. ఆకుపసరు పట్టి కక్కిస్తారు, కక్కినదాంట్లోంచి వక్కపలుకంత నల్లటి ముద్ద తీసి అరచేతిలో పెట్టి చూపిస్తారు. పెట్టింది ఎవరో మాత్రం చెప్పరు. అది ఇంట్లోవాళ్ళు పిల్లనే అడిగి తెలుసుకుంటారు.

మా అత్తగారు అడిగారు: "ఎవురు పెడితే తింటన్నావే?"

"పిన్ని" అంది పాప.

పిన్ని అంటే సుజాత, నా తోడికోడలు. మా వాటా పక్క వాటాలోనే ఉంటుంది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఐదున్నర అయ్యేది. నాలుగింటికి బడి నుంచి వచ్చిన పాపకి అన్నం కలిపి పెట్టేది సుజాతే. నోట్లో ముద్దలు పెట్టి మరీ తినిపించేది. ఆ పూట పాప కంచం నాకేసేది. నొప్పి వచ్చేది రాత్రి మా దగ్గర తిన్నప్పుడు. మా అత్తగారు దానికీ సమాధానం కనిపెట్టారు. మందు పనిచెయ్యడానికి నాలుగు గంటలు పట్టుద్దిట.

నేను కాదనలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. పిల్ల రోజూ నొప్పితో ముడుచుకుపోతుంటే, నా చదువు నాకు అక్కరకు రాలేదు. పైగా నా కూతురు నా చేతి అన్నం వదిలేసి సుజాత చేతి అన్నం తింటోందన్న ఉక్రోషం లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. వచ్చే సోమవారం కురిచేడు అవతల ఒక ఊళ్ళో కక్కించేవాడి దగ్గరికి తీసుకెళ్ళాలని నిర్ణయమైంది. సుజాత వాటా వైపు తలుపుకి మా అత్తగారు గడియ పెట్టేశారు.

శనివారం స్టాఫ్ రూములో సోమవారానికి సెలవు చీటీ రాస్తూ ఉంటే మాస్టారు ఎందుకని అడిగారు. చెప్పాను.

"ఎవరు పెట్టారంటున్నారు?"

"మా తోడికోడలు."

"పిల్ల చెప్పిందా ఆ పేరు?"

"అదే చెప్పింది మాస్టారూ."

ఆయన క్యారియరు మూత పెట్టేశారు. ఆ రోజు స్టాఫ్ రూములో ఎవరూ వాదించుకోవడం లేదు. "రేపు మీ ఇంటికి భోజనానికి వస్తానమ్మా" అన్నారు. లెక్కల మేడమ్ చేతిలో గ్లాసు జారింది. ఆ మనిషి పెళ్ళిళ్ళకి వెళ్ళి అక్షింతలు వేసి, విస్తళ్ళు పరవక ముందే బస్సెక్కే మనిషి. ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు.

ఆదివారం పన్నెండింటికి వచ్చారు, ఇస్త్రీ చొక్కాతో. వంట మొత్తం మా అత్తగారే చేశారు. సుజాత చెయ్యి తగిలిన గిన్నె ఒక్కటి కూడా ఆ పూట మా వంటింట్లో లేదు. మాస్టారు, మా ఆయన, పాప కూర్చున్నారు. నేనూ మా అత్తగారూ వడ్డిస్తున్నాం. పప్పు అయింది, గోంగూర అయింది. పాప బాగానే తింటోంది. మా ఆయన, పెద్దమనిషి దొరికాడు కదా అని, అసలు సంగతి ఎత్తారు.

"మీరే చెప్పండి మాస్టారూ. గుంటూర్లో మంచి హాస్టలు స్కూలుంది. నాలుగో తరగతి నుంచే ఏసేస్తే పిల్ల దారిలో పడిద్దా లేదా? ఈమె వినదు."

"ఎనిమిదేళ్ళ పిల్లని హాస్టల్లో ఎవరన్నా పడేస్తారా?" అన్నాను నేను, పెరుగు గిన్నె పట్టుకుని.

"పడేయడమేంది? మాట సక్రమంగా రాదా?"

"నా పిల్ల యాడికీ పోదు. రోజూ ఇదే గోల."

"గోల చేసేది నువ్వా నేనా?"

రోజూ ఇదే గోల అని నా నోటితోనే అన్నాను. అది నిజం. మేమిద్దరం ఒకరికొకరు దొరికేది రాత్రి భోజనాల దగ్గరే. ఒకటిన్నర నెల నుంచీ పాప కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ, పాపని ఇంట్లోంచి పంపించాలా వద్దా అని దాని తల మీదుగా కేకలేసుకుంటున్నాం. ఆ పూట కూడా మేం అతిథి ఉన్నాడని చూసుకోలేదు.

నేను గిన్నె కింద పెట్టి చూసేసరికి మాస్టారి చెయ్యి కంచంలో ఆగిపోయి ఉంది. పాప చెయ్యీ ఆగిపోయి ఉంది. ఇద్దరి ఎడమ చేతులూ పొట్ట మీద ఉన్నాయి. ఇద్దరూ ఒక్కసారే లేచారు. మా ఇంట్లో ఉన్నది ఒకే బాత్రూము. తలుపు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ముందు నువ్వెళ్ళమ్మా. నాకు అలవాటే, ఆగగలను" అన్నారు మాస్టారు.

పాప లోపలికి వెళ్ళింది. ఆయన తలుపు ఫ్రేము పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నుదుటి మీద చెమట. మా అత్తగారు గరిటె చేత్తో పట్టుకుని ఆయన్ని చూస్తూ, "అదేందయ్యా, మొత్తం నేనే వండానే! నీక్కూడా మందు పెట్టారా ఏంది?" అన్నారు.

"నాకు ఏడో ఏటే పెట్టారన్నారండీ" అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే.

పాప బయటికొచ్చాక ఆయన లోపలికి వెళ్ళొచ్చి, ముఖం కడుక్కుని, వరండాలో కుర్చీ వేసుకుని మా అత్తగారికి చెప్పారు. ఆయన నాన్న పొలం నుంచి వచ్చి కంచం ముందు కూర్చుని, ఆ రోజు ఇంట్లో వాళ్ళు చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే అడిగేవాడు. సమాధానం నచ్చకపోతే కంచం గోడకి తగిలేది. ఒక్కోసారి తల్లికి తగిలేది. పిల్లాడికి అన్నం దిగేది కాదు. మధ్యాహ్నం మాత్రం వెనక వీధిలో మేనత్త ఇంటికి వెళ్ళి, ఆవిడ కలిపి పెడితే కడుపునిండా తినేవాడు. రాత్రి కడుపునొప్పి. కక్కించారు, మూడుసార్లు. మూడోసారి నల్లటి ముద్ద వచ్చింది.

"ఎవరు పెట్టార్రా అని అడిగారండీ. అత్తయ్య అన్నాను. అబద్ధం కాదు. అన్నం పెట్టింది ఆవిడే మరి. ఆ రోజు ఆవిడ వాకిట్లో నిలబడి మా నాన్న అన్న మాటలు నాకు ఇంకా వినపడతన్నాయి. ఆవిడ మళ్ళీ మా గడప తొక్కలేదు. నా కడుపునొప్పి మాత్రం పోలేదు."

మాస్టారు రెండున్నర బస్సుకి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు పాపని బ్రాడీపేట డాక్టరుకి ఒకసారి చూపించమని నా చేతిలో చీటీ పెట్టారు. తర్వాత చూపించాం. వేరే జబ్బేమీ లేదని పరీక్షలు చేసి తేల్చుకున్నాకే ఆ డాక్టరు మా ఆయన్నీ నన్నూ కూర్చోబెట్టి మాట్లాడారు. ఇప్పుడు పాప పదో తరగతి. మా దగ్గరే ఉంది. పరీక్షల పొద్దున బాత్రూములో అరగంట ఉంటుంది. మిగతా రోజులు బాగానే తింటుంది.

ఆ ఆదివారం సాయంత్రం మా అత్తగారు వరండాలో చాలాసేపు కూర్చుని, లోపలికి వచ్చి మా ఇద్దరి ముందు నిలబడ్డారు.

"అయితే మందు పెట్టింది మీ ఇద్దరేనన్నమాట. కక్కిచ్చాల్సింది మీకు. సోమవారం మిమ్మల్నే తీసకపోతా."

ఆవిడ మందుని వదులుకోలేదు, దోషుల్ని మార్చారు. మా ఆయన నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానుకున్నారు. గడియ మాత్రం ఆవిడే తీశారు.

నేను పాప చెయ్యి పట్టుకుని సుజాత వాటాలోకి వెళ్ళాను. తను పొయ్యి దగ్గర ఉంది. మా వైపు తిరగలేదు. గోడ అవతల అన్న మాటలు గోడ ఇవతల వినపడకుండా ఉండే ఇల్లు కాదు మాది. తనకి అన్నీ తెలుసు.

"సుజాతా, అన్నం పెట్టు" అన్నాను.

"పిల్లకి నా చేత్తో పెట్టను అక్కా. నాకొద్దు ఆ మాటలు."

"పిల్లకి కాదు, ముందు నాకు పెట్టు. కలిపి పెట్టు."

పొయ్యి మంట తగ్గించింది. తర్వాత పళ్ళెంలో అన్నం పెట్టి, ఏదో కూర వేసి, కళ్ళు తుడుచుకుంటూనే కలిపి నా నోట్లో ముద్ద పెట్టింది. కారం దంచి పోసినట్టుంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కారం ఎక్కువైందని అనే హక్కు ఆ పూట నాకు లేదు. పళ్ళెం ఖాళీ అయ్యే దాకా తిన్నాను. రెండో పళ్ళెం పాపకి పెట్టింది.

సోమవారం సెలవు పెట్టకుండా స్కూలుకి వెళ్ళాను. ఇంటర్వెల్లో మాస్టారికి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"మీ తోడికోడలే కలిపి పెట్టిందా?"

"తనే పెట్టింది మాస్టారూ."

"మంచిపని చేశారమ్మా." కిటికీ వైపు తిరిగారు. "నా పెళ్ళయ్యాక మా మేనత్త రెండుసార్లు కబురు పెట్టింది. భార్యాభర్తలిద్దరూ వచ్చి ఒక పూట భోంచేసి పొమ్మని. అప్పటికి మా నాన్న కూడా లేడు. అడ్డేమీ లేదు."

"వెళ్ళారా?"

"ఎవరింట్లోనైనా తినాలంటేనే నాకు భయం కదమ్మా. రెండుసార్లూ రాలేనని చెప్పి పంపాను."

"ఏమని చెప్పారు?"

"కడుపు బాగాలేదని." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిజంగానే బాగాలేదు. ఆ మాట ఆవిడకి ఎట్టా వినపడిద్దో నాకు తట్టలా. తట్టేసరికి ఆవిడ లేదు."

బెల్లు కొట్టారు. ఆయన పుస్తకం తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళారు. నేను ఏ తరగతికి వెళ్ళాలో చాలాసేపు గుర్తు రాలేదు.